రోడ్డు మీద మనం – 7: టాపు లేని బండి



పోయిన భాగంలో చెప్పులు చేతిలో పట్టుకుని ఊరి వీధి దాటిన కాలం గురించి రాశాను. ఈసారి బావుల సంగతి రాస్తానని మాటిచ్చాను. మధ్యలో ఒక కారు అడ్డమొచ్చింది. మూడు వారాలుగా బుర్రలో అదే తిరుగుతోంది. బావులు వచ్చే నెలకు వాయిదా.

కారు పేరు శాన్ స్టార్మ్. మీలో చాలామంది విని ఉండరు. 1998లో శాన్ మోటార్స్ అనే చిన్న కంపెనీ గోవాలో తయారుచేయడం మొదలుపెట్టిన రెండు సీట్ల బండి. ఫైబర్ బాడీ, రెనో వాళ్ల 1149 సీసీ ఇంజన్, టాపు తీసేసి నడపొచ్చు. స్పోర్ట్స్ కారు అనే పేరే గానీ 60 హార్స్‌పవర్. ఇవాళ మన వీధుల్లో తిరిగే స్విఫ్టుకి ఇంతకంటే బలముంది. కంపెనీ ఎప్పుడో ఆపేసింది. అక్కడక్కడా మిగిలిన బండ్లు అప్పుడప్పుడూ అమ్మకానికి వస్తుంటాయి. బెంగళూరు దగ్గర హోస్కోటలో ఒకటుందని మా స్టూడెంట్ ఒకడు ఫొటోలు పంపాడు. 2008 మోడల్, ఎర్ర రంగు, ఓనరు చెప్పిన ధర మూడు లక్షల ఇరవై వేలు. "మేడమ్, మీకు నచ్చుతుందని" అని కింద రాశాడు. వాడికెలా తెలిసిందో నాకు తెలీదు.

నచ్చింది. అక్కడే మొదలైంది తంటా.

నేను కాలేజీలో తెలుగు పాఠం చెప్పుకునే మనిషిని. ఇంటి లోను ఇంకా తొమ్మిదేళ్లుంది. తిరుపతిలో మే నెల ఎండకి తారు రోడ్డు మీద చెప్పు అతుక్కుంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. 2021 నవంబరులో ఈ ఊరు ఎలా మునిగిందో మర్చిపోయేంత కాలం కాలేదు. ఇలాంటి తావున కప్పు లేని కారెందుకు అని అడిగితే నా దగ్గర బుద్ధిగల జవాబు లేదు. ఉద్యమంలో ఉన్న తమ్ముళ్లు ఇంకో మాటన్నారు. "అక్కా, సమాజానికి తిరిగి ఇవ్వాలని మీటింగుల్లో చెప్పేది మీరే కదా? ఆ మూడు లక్షలు హాస్టల్ పిల్లలకిస్తే?" ఒకాయన ఇంకాస్త ముందుకుపోయి, కావాలంటే సెకండ్ హ్యాండ్ థార్ తీసుకో, దానికీ గుడ్డ టాపు మోడల్ ఉంది, నలుగురు కూర్చోవచ్చు, జెండా కట్టుకోవచ్చు అన్నాడు. రాయలసీమలో థార్ ఎవరి చేతుల్లో తిరుగుతోందో, వెనక అద్దం మీద ఏ కులం పేరు రాసుకుని తిరుగుతోందో ఆయన చూడలేదనుకోను.

వీళ్లందరికీ విడివిడిగా జవాబు చెప్పలేక చరిత్ర పుస్తకాలు తీశాను. నాకు ఏ గొడవొచ్చినా చేసే పని అదే. తీస్తే తెలిసింది, బండి కొనాలా వద్దా అన్నది మన వాళ్లకి ఎన్నడూ డబ్బుతో మాత్రమే తేలిన ప్రశ్న కాదని.

తిరుపతిలో "వాహనం" అంటే ముందు గుర్తొచ్చేది కారు కాదు, స్వామివారిది. బ్రహ్మోత్సవాల్లో పెద్ద శేషవాహనం, హంస, సింహ, అయిదో రోజు రాత్రి గరుడ వాహనం, ఏడో రోజు పొద్దున సూర్యప్రభ, ఎనిమిదో రోజు రథం. అన్నీ నాలుగు మాడవీధుల్లో అందరికీ కనబడేలా తిరిగేవే. గొడుగుంటుంది, గోడలుండవు. ఊరేగింపు అంటేనే కనబడటం. దేవుడు కనబడతాడు, రాజు కనబడతాడు, పెళ్లికొడుకు కనబడతాడు. భుజాన మోసేవాళ్లు, ముందు డప్పు కొట్టేవాళ్లు, దివిటీ పట్టేవాళ్లు అదే వీధిలో ఉన్నా ఎవరి కంటికీ ఆనరు.

మా తెలుగు సాహిత్యంలోనూ అంతే. ఈ కొండకు చాలాసార్లు వచ్చిన కృష్ణదేవరాయలు 'ఆముక్తమాల్యద'లో మాలదాసరి కథ చెప్పాడు. ఆ దాసరి తెల్లవారుజామున లేచి, నడిచి గుడికి పోతాడు. లోపలికి కాదు, బయట నిలబడి పాడి తిరిగొస్తాడు. దారిలో బ్రహ్మరాక్షసుడు పట్టుకుంటే, పాట పాడొచ్చి నీకు ఆహారమవుతానని మాటిచ్చి, పోయి పాడి, మాట ప్రకారం మళ్లీ నడిచొస్తాడు. కథంతా కాలినడకే. ఎంత గొప్ప భక్తుడైనా ఆ దాసరిని రాయలు ఎద్దుబండి కూడా ఎక్కించలేదు. నాలుగు వందల ఏళ్ల తర్వాత 1941లో జాషువా 'గబ్బిలం' వచ్చింది. అందులో మనవాడు నడిచి కూడా పోలేడు, తన బాధ శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. కాళిదాసు యక్షుడికి మేఘం దొరికింది, మనకు గబ్బిలం దొరికింది. క్లాసులో ఇది చెప్పినప్పుడల్లా పిల్లలు నవ్వుతారు, తర్వాత నవ్వాపేస్తారు.

ఎవరు దేని మీద ఎక్కాలి అన్నది ఈ ప్రాంతంలో ఆచారం మాత్రమే కాదు, తలలు పగిలిన తగాదా. కుడిచేయి కులాలు, ఎడమచేయి కులాలు అని దక్షిణ దేశమంతా రెండుగా చీలి కొట్టుకున్న కాలం ఉంది. 1652లో మద్రాసులో, మళ్లీ 1707లో ఈ తగాదాలు పెద్దవై కంపెనీ వాళ్లు తల పట్టుకున్నారు. ఎవరి పెళ్లి ఊరేగింపు ఏ వీధిలో పోవాలి, ఎవరికి పల్లకీ ఉంది, ఎవరికి గుర్రం ఉంది, ఎవరికి తెల్ల గొడుగుంది, ఇవే కారణాలు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మన చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు తాలూకాలు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. అక్కడ కూడా ఇదే చీలిక. మాలలు కుడిచేయి, మాదిగలు ఎడమచేయి. అబ్బే దుబోయ్ అనే ఫ్రెంచి పాదిరీ రాసిపెట్టాడు, రెండు పక్షాల్లోనూ ముందుకురికి కొట్లాడేది ఈ రెండు కులాల వాళ్లేనని. ఎవరి పల్లకీ కోసం? వ్యాపారులది, కంసాలులది. మనకు పల్లకీ లేదు, గుర్రం లేదు, గొడుగు లేదు. పక్కవాడి పల్లకీ వీధి దాటాలని ఒకరు, దాటకూడదని ఇంకొకరు ఒకరి తల ఒకరు పగలగొట్టుకున్నాం. ఇది చదివిన రోజు రాత్రి నాకు కారు గుర్తు రాలేదు. ఇప్పటికీ మాల మాదిగల మధ్య మిగిలినదాంట్లో ఆ పాత రక్తం ఎంతుందో లెక్క తీసినవాళ్లు నాకు కనబడలేదు.

బండి కొని, ఎక్కి, వీధిలో నడిపి, అదే పోరాటం అన్న మనిషి మనకు తెలిసి అయ్యంకాళి. తిరువాన్కూరు సంస్థానంలో వెంగానూరు ఆయనది. పులయ కులం. అక్కడ పులయలకు రాజబాటే నిషేధం, ఇక బండి మాటెక్కడ? 1893లో ఆయన ఒక విల్లుబండి కొన్నాడు. పెద్దకులాల వాళ్లు వాడే బండి అది. రెండు తెల్లెద్దులు, మెడలో గంటలు. తెల్ల పంచె, పైన ఉత్తరీయం, తలపాగా. ఆ వేషంలో బండెక్కి పులయలు నడవకూడని దారిలో పోయాడు. అడ్డమొచ్చిన వాళ్లను ఎదిరించి పోయాడు.

ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే మన తమ్ముళ్ల ప్రశ్నకు ఇక్కడ కొంత జవాబుంది. అయ్యంకాళి ఆ డబ్బుతో పిల్లలకు బడి పెట్టొచ్చు కదా? పెట్టాడు, తర్వాత. దళిత పిల్లల బడి ప్రవేశం కోసం పొలం పని బంద్ చేయించాడు, 1907లో సాధుజన పరిపాలన సంఘం పెట్టాడు. కానీ ముందు బండి. ఎద్దుల మెడలో గంటలెందుకు? దొంగతనంగా పోవడానికి కాదు కాబట్టి. వస్తున్నానని వీధికి తెలియాలి. తలపాగా ఎందుకు? కనబడాలి కాబట్టి. అవసరం కోసమైతే ఒక మామూలు గూడుబండి చాలు, రాత్రిపూట పోతే సరి. ఆయనకు కావలసింది ప్రయాణం కాదు. భోగం అని మనం కొట్టిపారేసే భాగమే, ఆ గంటలూ ఆ తెల్లెద్దులే, అక్కడ అసలు పని చేశాయి.

అంబేడ్కర్ బండి కథలు రెండు. మీకు తెలిసినవే, కానీ పక్కపక్కన పెట్టి చూడండి. 1901లో ఆయన చిన్న పిల్లాడు. అన్న, అక్క కొడుకులు ఇద్దరితో కలిసి సతారా నుంచి రైల్లో మసూరు స్టేషన్లో దిగారు, గోరెగావ్‌లో ఉన్న తండ్రి దగ్గరికి పోవాలని. మంచి బట్టలు, టోపీలు పెట్టుకున్న పిల్లల్ని చూసి స్టేషన్ మాస్టరు బాగానే పలకరించాడు. మహర్లమని తెలిసిన నిమిషంలో ముఖం మారిపోయింది. బండివాళ్లు ఒక్కరూ ఎక్కించుకోలేదు. చివరికి ఒకడు రెట్టింపు బాడుగకి ఒప్పుకున్నాడు, పిల్లలే బండి తోలుకోవాలి, తాను పక్కన నడుస్తానన్న షరతు మీద. రాత్రిపూట ప్రయాణం, తాగడానికి నీళ్లు దొరకలేదు.

రెండోది 1929. అప్పటికి ఆయన బారిస్టరు, ప్రభుత్వ కమిటీ సభ్యుడు. చాలీస్‌గావ్‌లో మహర్‌వాడ వాళ్లు ఆయన్ను తమ దగ్గర ఆ రాత్రికి ఉండమని పట్టుబట్టారు. స్టేషన్ దగ్గర టాంగావాళ్లు అంటరానివాడిని ఎక్కించుకుని తోలం అన్నారు. మర్యాదకు లోటు రాకూడదని మనవాళ్లు ఆలోచించి, తోలేవాడు లేకుండా టాంగా మటుకు బాడుగకు తీసుకున్నారు. అలవాటు లేని మనవాడొకడు పగ్గాలు పట్టాడు. కల్వర్టు మీద రాళ్ల సందున చక్రం ఇరుక్కుని అంబేడ్కర్ ఎగిరి రాతి నేల మీద పడ్డారు, కాలు విరిగింది. గుర్రం, బండి కింద ఏట్లో పడ్డాయి.

ఇరవై ఎనిమిదేళ్ల తేడా. మధ్యలో కొలంబియా, లండన్, గ్రేస్ ఇన్. పిల్లాడైనా బారిస్టరైనా టాంగావాడి దగ్గర తేడా లేదు. దేశమంతా తెలిసిన మనిషి కాలు విరగ్గొట్టుకుంది ఎవరో కొట్టి కాదు, మన దగ్గర బండి తోలడం వచ్చినవాడు లేక. నన్ను ఎప్పుడూ తొలిచే సంగతి అది. మనవాళ్లకు తోలే అవకాశమే ఎవరిచ్చారు?

మా నాయన డ్రైవరు. ముప్పై ఏళ్లు స్టీరింగ్ పట్టుకున్నాడు, ఏనాడూ సొంత బండి కాదు. మా ఊరికి దగ్గర్లో ఒక పెద్దాయనకు టాపు లేని జీపుండేది. ఎన్నికలొస్తే దాని మీద మైకు కట్టి, ఆయన ముందు కడ్డీ పట్టుకుని నిలబడి దండం పెడుతూ పోయేవాడు. 1982లో ఎన్టీఆర్ చైతన్యరథం ఎక్కాక ఇక్కడ ప్రతి చిన్న నాయకుడికీ ఒక రథం కావాల్సి వచ్చిందని మా నాయన నవ్వుతాడు. ఆ జీపు తోలింది మా నాయనే. పొద్దున్నే కడిగేది, ఇంజనాయిలు చూసేది, మామిడికాయల కాలంలో తోటకు పోయొచ్చేది. సాయంత్రం జీపు కొట్టంలో పెట్టి, నాలుగు కిలోమీటర్లు నడిచి ఇంటికొచ్చేవాడు. "ఒక పూట తీసుకుపో అని ఆయన అన్లేదు, నేనూ అడగలేదు" అంటాడు. ఇందులో ఫిర్యాదు లేదు, అలా చెబుతాడు. అదే నాకు కష్టం.

మా తాతకు సైకిలుండేది. మామిడితోట కూలి డబ్బులతో కొన్నది. ఊరి వీధి మొదట్లో దిగి, రచ్చబండ దాటేదాకా తోసుకుంటూ పోయి, మళ్లీ ఎక్కేవాడు. దిగమని ఎవరూ అనేవాళ్లు కాదట. అనాల్సిన అవసరమే రానిచ్చేవాడు కాదు తాత. తర్వాత కాలనీకి వేరే రోడ్డు వేశారు. అభివృద్ధి అన్నారు, తారు రోడ్డు బాగానే ఉంది. మెయిన్ రోడ్డు నుంచి నేరుగా మా ఇళ్లకు పోతుంది, ఊళ్లోకి పోనక్కర్లేదు. మీ ఊళ్లో ఎస్సీ కాలనీ దారి ఎటు నుంచి వేశారో ఒకసారి చూసుకోండి. ఎక్కువ ఊళ్లలో ఇదే మ్యాపు.

చట్టాల మాట. మన చిత్తూరు మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో, 1924లో, రెట్టమలై శ్రీనివాసన్ లాంటి వాళ్ల పట్టుదల వల్ల మద్రాసు శాసనమండలి ఒక తీర్మానం చేసింది. ప్రజల రోడ్లలో, వీధుల్లో ఎవరైనా నడవొచ్చని. నడవొచ్చని! తీర్మానం కావాల్సి వచ్చింది దానికి. 1955 అంటరానితనం నేరాల చట్టంలో బస్సుల్లాంటి ప్రజా వాహనాలెక్కే హక్కు, నగలూ మంచి బట్టలూ వేసుకునే హక్కు రాశారు. ఇక 2015లో అట్రాసిటీ చట్టానికి సవరణ చేసినప్పుడు మూడో సెక్షన్లో ఏం చేర్చారో చదివితే ఒళ్లు జలదరిస్తుంది. దళితులు సైకిలెక్కకుండా, మోటారు సైకిలెక్కకుండా, చెప్పులు, కొత్త బట్టలు వేసుకోకుండా, పెళ్లి ఊరేగింపు తీయకుండా, ఆ ఊరేగింపులో గుర్రం గానీ వేరే వాహనం గానీ ఎక్కకుండా అడ్డుకోవడం నేరం. చంద్రుడి చుట్టూ మన ఉపగ్రహం తిరిగాక, ఈ దేశపు పార్లమెంటు "సైకిలు" అనే మాట చట్టంలో రాయాల్సి వచ్చింది. మా తాత సైకిలు అది.

నడకకు 1924, సైకిలుకు 2015. తొంభై ఒక్క ఏళ్లు.

ఆ సెక్షన్ వచ్చాక మాత్రం? 2018లో ఉత్తరప్రదేశ్ కాస్‌గంజ్ జిల్లా నిజాంపూర్‌లో ఒక జాటవ్ యువకుడు ఠాకూర్ల వీధిలో తన బరాత్ తీయడానికి అధికారుల చుట్టూ, కోర్టు చుట్టూ నెలల తరబడి తిరిగాడు. చివరికి పోలీసు బందోబస్తు మధ్య, ముందే గీసిన దారిలో, గుర్రపు బగ్గీ ఎక్కి పోయాడు. బగ్గీకి టాపుండదు. పెళ్లికొడుకు కనబడాలి కదా. స్కార్పియోలో అద్దాలేసుకుని పోయుంటే ఆ గొడవే ఉండేది కాదు. ఉద్యోగాలొచ్చిన మనవాళ్లు చాలామంది చేస్తున్నది అదే. నేనూ చేస్తున్నాను. నా పాత ఆల్టోలో ఏసీ వేసి, అద్దాలెక్కించుకుని, కాలనీ రోడ్డున పోయి, కాలనీ రోడ్డున వస్తాను. మూసిన కారు మనకు చాలా మేలు చేసింది. అందులో కులం కనబడదు. బస్సులో పక్క సీటువాడు "మీదే ఊరు, ఇంటి పేరేంది" అని మొదలుపెట్టే విచారణ తప్పుతుంది. దాన్ని నేను తీసిపారేయను. కానీ దాక్కోవడానికీ హక్కుకీ తేడా ఉంది.

కార్ల చరిత్రలో ఒక తమాషా ఉంది. మొదట్లో వచ్చిన మోటారు కార్లు దాదాపు అన్నీ టాపు లేనివే. కప్పున్న బాడీ అంటే ఎక్కువ డబ్బులు, పెద్దవాళ్లకే. 1920లు గడిచేలోపు అమెరికాలో ఇది తలకిందులైంది. స్టీలు బాడీలు చవకై మూసిన కారు మామూలు మనిషిదైంది, తెరిచిన కారు సరదాకి మిగిలింది. అంటే భోగం కప్పులో లేదు, కప్పు లేకపోవడంలోనూ లేదు. కప్పు ఉండి, దాన్ని తీసిపెట్టగలగడంలో ఉంది. నిలవ నీడ లేక ఎండలో పడి ఉన్నవాడికీ, నీడనొదిలి ఎండలోకి సరదాగా వచ్చినవాడికీ ఎండ ఒకటే అయినా సంగతి వేరు. మా అవ్వ ఈ కారు ఫొటో చూసి, "ఇంత డబ్బు పోసి ఎండలో పోవడం యాడుందే? నేను ఊరికేనే పోయినా కదా డెబ్బై ఏండ్లు" అంది. దీనికీ నా దగ్గర జవాబు లేదు.

ఆడమనిషిని, ఒంటరిగా తెరిచిన కారులో పోతే ఏమవుతుందో కూడా ఆలోచించాను. 1990ల మొదట్లో తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా పల్లె ఆడవాళ్లు వేలమంది సైకిలు నేర్చుకున్నారు. మొదట్లో రోడ్డు పక్క మగవాళ్లు అనని మాట లేదు. వాళ్లు తొక్కుతూనే ఉన్నారు. కొంతకాలానికి అనేవాళ్లకే విసుగొచ్చింది. ధైర్యం ఒక్కరికి ఉంటే చాలదు, ఎక్కువమంది రోడ్డు మీద ఉండాలి. మా కాలేజీలో స్కూటీ మీద వచ్చే ఆడపిల్లలు ఈరోజు వందల్లో ఉన్నారు, ఎవరూ తల తిప్పి చూడరు. ఎర్ర రంగు టాపు లేని కారు మాత్రం తిరుపతి మొత్తానికి ఒకటే అవుతుంది. ఒక్కటే ఉంటే దాన్ని అందరూ చూస్తారు.

సరే, చూసొద్దాం అనుకున్నాం. పోయిన ఆదివారం నేనూ మా నాయనా ఆల్టోలో హోస్కోట పోయాం. మొగిలి ఘాటు, పలమనేరు, ముళబాగిలు దాటి. దారంతా మా నాయన లెక్కలు చెబుతూనే ఉన్నాడు. కర్ణాటక బండి కాబట్టి అక్కడి ఆర్టీవో దగ్గర ఎన్.ఓ.సి. తేవాలి, ఇక్కడ పన్నెండు నెలలకు మించి ఉంచుకుంటే మన నంబరు తీసుకోవాలి, లైఫ్ టాక్సు కట్టాలి. పదిహేనేళ్లు దాటిన కారు ఆర్.సి. రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్‌లో ఆరు వందల నుంచి ఐదు వేలకు పెంచారు, పైన ఫిట్‌నెస్ ఒకటి. మూసిన కంపెనీ కాబట్టి అద్దం పగిలినా, లైటు పగిలినా స్పేరు దొరకదు. ఇంజన్ సామాన్లు ఎక్కడన్నా వెతికి పట్టుకోవచ్చు, బాడీ సామాన్లు పుట్టవు. "కపిలతీర్థం కాడ ఒక్క కోతి చాలు పాపా, గుడ్డ టాపు చీల్చి గోచి పెట్టుకుంటాది" అన్నాడు. నవ్వలేక చచ్చాను.

ఓనరు మర్యాదస్తుడు. తెలుగువాడే. రేటు, మైలేజీ, సర్వీసు అన్నీ మా నాయనకే చెప్పాడు, కొనేది నేనని రెండుసార్లు చెప్పినా. మధ్యలో "సార్ మీదే ఊరు, ఏమి చేస్తుంటారు" అని అడిగాడు. "డ్రైవర్నండి" అన్నాడు మా నాయన. ఆ తర్వాత ఆయన నాతో మాట్లాడటం మొదలుపెట్టాడు. ఇందులో ఏముందో మీరే అనుకోండి.

బండి ఫొటోలో కంటే అందంగా ఉంది. టాపు తీసి నడిపాను, హైవే దాకా పోయి వచ్చాను. చిన్న బండి, నేలకు బాగా దగ్గరగా కూర్చుంటాం, పక్కన పోయే లారీ చక్రం భుజానికి సమానంగా ఉంటుంది. ఎక్కి ఊరేగడం అన్న మాట దీనికి నప్పదు. ఇందులో కూర్చున్న మనిషి అందరికంటే కిందుంటాడు. కానీ ఆకాశముంటుంది. వేపచెట్టు కింద నుంచి పోతే ఆకులు కనబడతాయి. రోడ్డు పక్క టీకొట్టు ముందు నిలబడ్డ మనుషులు నన్ను చూశారు, నేను వాళ్లను చూశాను, మధ్యలో అద్దం లేదు. భయమేసింది. బాగుంది కూడా.

తిరిగొచ్చేసరికి మా నాయన చొక్కా విప్పి పెట్టి, గోనెపట్ట పరుచుకుని, ఫోను లైటు పట్టుకుని బండి కింద దూరడానికి సిద్ధంగా ఉన్నాడు. పావుగంట బయటికి రాలేదు. కాళ్లు మాత్రం కనబడుతున్నాయి. ఓనరు టీ తెప్పించాడు, అది చల్లారిపోయింది. బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ తెలిసినదంతా చెప్పాడు. కాళ్ల కింద కార్పెట్ తడిగా ఉంది. టాపు అంచు రబ్బరు పోయి, వాన నీళ్లు లోపలికి దిగి నిలబడుతున్నాయి. ఫైబర్ బాడీకి తుప్పు పట్టదు కాబట్టి పైన అంతా మెరుస్తోంది గానీ, లోపల ఇనుప ఛాసిస్ ఎడమ పక్క తినేసింది. స్క్రూడ్రైవరు పెట్టి నొక్కితే పొరలుగా రాలింది. "ఇంజన్ బంగారం. ఛాసిస్ పోయింది. వెల్డింగు పెట్టి అమ్మేవాడుంటాడు, కొనేవాడు ఉండకూడదు" అన్నాడు. ఓనరు డెబ్బై వేలు తగ్గిస్తానన్నాడు. మేం లేచాం.

వచ్చేటప్పుడు పలమనేరులో ఆగి ముద్ద, పప్పు తిన్నాం. నాకు ఒకవైపు దిగులు, ఇంకోవైపు ఒక బాధ్యత తప్పిన సంతోషం. ఆ సంతోషమే నాకు నచ్చలేదు. కారు బాగుంటే కొనేదాన్నా? కొన్నా ఎక్కడ నడిపేదాన్ని? తిరుపతి బైపాసులో, బెంగళూరు హైవే మీద, టాపు తీసి, పాటలు పెట్టుకుని. అయ్యంకాళి బండికి తనవాళ్లు నడవకూడని వీధి ఉంది. నా బండికి హైవే ఉంది. హైవే మీద ఎవడూ ఎవర్నీ దిగమనడు, అది టోలు కట్టిన ప్రతివాడిదీ. ఇదంతా నాయనకు చెప్పలేదు. ఆయనే అడిగాడు, చేయి కడుక్కుంటూ.

"కొంటే ఊళ్లోకి యా దోవన తెస్తావు పాపా?"

"కాలనీ రోడ్డులో" అన్నాను. నోట్లోంచి అదే వచ్చింది.

"అట్లయితే ఆల్టో చాలు కదా" అన్నాడు.

తర్వాత ఆయనేమీ అనలేదు, నేనూ అనలేదు. మొగిలి ఘాటు దిగేసరికి సాయంత్రం. మా ఊరి మలుపు దగ్గర మామూలుగా కాలనీ రోడ్డుకు ఇండికేటరేశాను. "నేరుగా పో" అన్నాడు. నలభై ఏళ్లలో ఆయన ఆ వీధి గుండా బండి మీద వచ్చింది, జీపు తోలినప్పుడు తప్ప, లేదు. వీధి మొదట్లో రాతి అరుగులు, పాలకేంద్రం, రామాలయం. ఆదివారం కదా, మనుషులున్నారు. "అద్దాలు దించు" అన్నాడు. నాలుగూ దించాను. ఏసీ ఆపేశాను. రచ్చబండ దగ్గర ఇద్దరు ముసలివాళ్లు మా నాయనను గుర్తుపట్టి, "ఏమబ్బా, యాడికి పోయొస్తావుండావు?" అన్నారు. "బెంగళూరు. పాప కారు కొంటాదంట, చూసొస్తాండాము" అన్నాడు. "ఉంది కదా కారు" అన్నాడొకాయన. "ఇది కాదు, టాపు లేనిది" అన్నాడు మా నాయన. వాళ్లకు అర్థం కాలేదు. మేం ముందుకు పోయాం.

ఇంట్లో అవ్వ అడిగింది, తెచ్చారా అని.

చెన్నై అంబత్తూరు దగ్గర ఇంకో శాన్ స్టార్మ్ ఉందని ఆ కుర్రాడు మళ్లీ ఫొటోలు పంపాడు. నీలం రంగు. ఛాసిస్ కింద నుంచి వీడియో తీసి పంపమని అడిగాను. వస్తే మా నాయన చూసి చెబుతాడు. బావుల భాగం వచ్చే నెల మొదటి ఆదివారం.

జై భీమ్.